పేజీ అడుగున చెప్పాల్సిన మాటలు

మన విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖల్లో ఒక అభిప్రాయం మెల్లగా పాతుకుపోయింది. ఫుట్‌నోట్లు పాతకాలపు పంతుళ్ళ అలవాటనీ, చదివేవాడి కంటికి అడ్డం పడతాయనీ, పాండిత్యం ఒలకబోయడానికి తప్ప ఎందుకూ పనికిరావనీ అంటున్నారు. వాటికి బదులు వాక్యం చివర బ్రాకెట్లో రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం వేస్తే సరిపోతుందట. మిగతా వివరాలకు వెనక ఉపయుక్త గ్రంథసూచి ఉండనే ఉందట. రీసెర్చ్ మెథడాలజీ వర్క్‌షాపుల్లో విద్యార్థులకు ఇదే నూరిపోస్తున్నారు. సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు చేతికిచ్చే ఫార్మాట్ కాగితంలో ‘ఏపీఏ ఏడో ఎడిషన్’ అన్న మాట ఉంటే చాలు, శాస్త్రీయత దానంతటదే వచ్చి కూర్చుంటుందని నమ్మకం. ఏపీఏ అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్. మనుచరిత్ర మీదో, కాకతీయుల చెరువుల మీదో పరిశోధన చేసే మన విద్యార్థి, అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ ప్రయోగాల నివేదికల కోసం రాసుకున్న నియమావళిని ఎందుకు పాటించాలో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

ఈ అభిప్రాయం తప్పు. ఎవరి ఇష్టం వారిదిలే అని సర్దుకుపోగలిగిన తప్పు కాదు. రాళ్ళ మీద, తాటాకుల మీద, పాత పత్రికల మీద, పెద్దవాళ్ళ జ్ఞాపకాల మీద ఆధారపడి చేసే పరిశోధనలో ఫుట్‌నోట్ తీసేస్తే పరిశోధన సగం పోతుంది. పోయిందేమిటో పాఠకుడికి తెలియను కూడా తెలియదు.

ముందు ఈ బ్రాకెట్ల పుట్టుక చూద్దాం. హార్వర్డ్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ అనే జంతుశాస్త్రజ్ఞుడు 1881లో చిప్పలేని ఒక రకం నత్త గుడ్ల మీద పెద్ద పత్రం రాశాడు. రచయిత పేరు, సంవత్సరం బ్రాకెట్లో పెట్టే పద్ధతికి తొలి జాడ ఆ పత్రంలోనే ఉందంటారు. తమాషా ఏమిటంటే, ఆ కొత్త గుర్తు ఏమిటో పాఠకులకు చెప్పడానికి ఆయన అదే పేజీ అడుగున ఒక ఫుట్‌నోట్ వేశాడు! మనస్తత్వ శాస్త్రజ్ఞుల నియమాలు 1929లో మొదలయ్యాయి, అదీ ఒక పత్రికలో ఏడు పేజీల వ్యాసంగా. ఆ శాస్త్రాలకు ఈ పద్ధతి చక్కగా అమిరింది. అక్కడ ఒక పత్రం అంటే ఒక ప్రయోగం, ఒక ఫలితం. పత్రమంతా కలిపి పది పేజీలు. ఆ ఫలితం నిరుటిదా, ముప్పై ఏళ్ళ కిందటిదా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కాబట్టి పేరు, సంవత్సరం చెబితే దాదాపు అంతా చెప్పినట్టే. ఆ శాస్త్రాల వాళ్ళతో నాకు పేచీ లేదు. వాళ్ళ చొక్కా మన ఒంటికి పట్టకపోయినా తొడుక్కోమనే వాళ్ళతోనే నా తగవు.

ఒక ఉదాహరణ తీసుకుంటాను. ఇప్పటి సిద్ధాంత గ్రంథాల్లో ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: రుద్రమదేవి 1289లో అంబదేవుడితో జరిగిన యుద్ధంలో మరణించింది. పక్కన బ్రాకెట్లో ‘శాస్త్రి, 1978’. ఏపీఏ ప్రకారం ఇందులో దోషం లేదు. ఉన్న మాటను ఉన్నట్టు ఎత్తిరాస్తేనే పుట సంఖ్య తప్పనిసరి, సొంత మాటల్లో చెబితే అక్కర్లేదు. పరీక్షకుడు టిక్కు పెట్టి ముందుకు పోతాడు.

ఇప్పుడు ఆ వాక్యాన్ని విప్పి చూద్దాం. రుద్రమదేవి 1295 దాకా ఏలిందని చాలాకాలం పుస్తకాల్లో రాశారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన శాసనం ఆ లెక్కను మార్చింది. 1289 నవంబరు నాటి ఆ శాసనం వేయించినవాడు పువ్వుల ముమ్మడి, రుద్రమదేవి సేనాని మల్లికార్జున నాయకుడి బంటు. తన నాయకుడికీ, కాకతి రుద్రమదేవికీ పుణ్యంగా, శివలోకప్రాప్తి కోసం దేవుడికి భూమి దానం చేశానని అందులో చెప్పుకున్నాడు. అంటే అప్పటికే ఇద్దరూ లేరని అర్థం. శాసనం ఇచ్చే సాక్ష్యం అంతవరకే. రాణి, ఆమె సేనాని ఒక్కసారే పోయారు కాబట్టి అది యుద్ధమే అయి ఉండాలన్నది ఊహ. ఆ యుద్ధం కాయస్థ అంబదేవుడితోనే అన్నది ఇంకో ఊహ. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో అంబదేవుడు చెప్పుకున్న విజయాలను దీనితో కలిపి చూస్తే ఈ రెండో ఊహకు బలం వస్తుంది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు కాకతీయుల మీద రాసిన పుస్తకంలో ఈ ముక్కలన్నీ పేర్చి చూపించారు. గట్టి ఊహే, నేనూ ఒప్పుకుంటాను. కానీ రాయి చెప్పింది వేరు, పండితుడు అల్లింది వేరు. ‘శాస్త్రి, 1978’ అన్న రెండు ముక్కలు ఆ రెంటినీ ఒక్క రంగులో ముంచేశాయి. చదివేవాడికి ‘రాణి యుద్ధంలో చనిపోయిందని శాసనంలో ఉంది’ అనే మిగులుతుంది. ఆ వాక్యం మరో సిద్ధాంత గ్రంథంలోకి, అక్కడి నుంచి పాఠ్యపుస్తకంలోకి, ఆనక సినిమాలోకి పోతుంది.

అదే ఫుట్‌నోట్ ఉంటే? చందుపట్ల శాసనం ఏ సంపుటంలో ఎన్నో నంబరు, తేదీ, అందులో స్పష్టంగా ఉన్నదేమిటి, లేనిదేమిటి, యుద్ధమన్న అనుమానం ఎవరిది, దాన్ని ఏ శాసనంతో కలిపి చేశారు, పాత చరిత్రకారులు 1295 అని ఎందుకు అనుకున్నారు – అంతా నాలుగైదు వరుసల పని. పైన కథనం ఆగదు. కింద చూడదలచుకున్నవాడికి పనిముట్లన్నీ దొరుకుతాయి. రేపు ఇంకో శాసనం బయటపడితే ఏ రాయి తీసి ఏ రాయి పెట్టాలో కూడా తెలుస్తుంది. ఎవరు చెప్పారన్న ప్రశ్న ఒక్కదానికే బ్రాకెట్ జవాబు. ఎలా తెలిసిందీ, ఎంతవరకు తెలిసిందీ చెప్పే చోటు ఫుట్‌నోటే.

ఇక ఆ ‘శాస్త్రి’ సంగతి. పరబ్రహ్మశాస్త్రి గారి ఇంటిపేరు పుచ్చా. పేరులో చివరి ముక్కను ఇంటిపేరుగా తీసుకునే ఇంగ్లీషు లెక్క మన మీద పడేసరికి ఆయన ఉత్త శాస్త్రి అయిపోయారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారూ శాస్త్రే. శాసనాల మీద పనిచేసిన శర్మలు, రావులు, రెడ్లు ఎందరో. వెనక పట్టికలో పది మంది రావులు వరసగా నిలబడి ఉంటే బ్రాకెట్లోని రావు ఎవరో పోల్చుకోవడం పాఠకుడి ఖర్మ.

సంవత్సరంతో ఇంకో చిక్కు. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ మొదట అచ్చయింది 1949లో. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో దానికే వచ్చింది. విద్యార్థి చేతిలో ఉన్నది ఈ మధ్య వేసిన కూర్పు. దాని మీదున్న ఏడాదే బ్రాకెట్లోకి ఎక్కుతుంది. ప్రతాపరెడ్డి గారు పోయింది 1953లో. బ్రాకెట్ను నమ్మితే ఆయన పోయిన అరవై ఏళ్ళకు పుస్తకం రాసినట్టు! రెండు సంవత్సరాలనూ గీత మధ్యలో పెట్టి రాయమని ఏపీఏ నియమం ఉందని ఎవరైనా అనొచ్చు. నిజమే, ఉంది. మన గ్రంథాల్లో దాన్ని పాటించినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా మన పుస్తకాల్లో కూర్పుకూ కూర్పుకూ మధ్య పుటలు మారతాయి, ఒక్కోసారి పాఠమే మారుతుంది. ఏ కూర్పు చూశానో, ఎందుకు చూశానో రెండు మాటల్లో చెప్పే చోటు కావాలి. అంకెల మధ్య గీతకు అంత ఓపిక ఉండదు.

అసలు రచయితే లేని ఆధారాల సంగతేమిటి? శాసనానికి రచయిత ఎవరు – దానం చేసినవాడా, పద్యం రాసినవాడా, రాయి చెక్కినవాడా, దాన్ని చదివి అచ్చువేసినవాడా? కొమర్రాజు లక్ష్మణరావు గారు ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిన అద్దంకి పండరంగని శాసనాన్ని ‘రావు’ అనాలా, ‘పండరంగడు’ అనాలా? ‘పండరంగడు, 848’ అని రాసిన రోజున నవ్వాలో ఏడవాలో తెలియదు. కంపెనీ అధికారి మెకంజీ కోసం కావలి సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన ఊళ్ళ చరిత్రలు, కైఫియ్యత్తులు, ఇంకో లోకం. కరణం చెప్పిన మాట, రాసుకున్న గుమాస్తా చేతిరాత, శిథిలమవుతుంటే బ్రౌన్ దొర ఎత్తి రాయించిన ప్రతి – ఇందులో పరిశోధకుడు చూసింది ఏది? చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఏ సంపుటం, ఏ పుట? ఇవి చెప్పకుండా కైఫియ్యత్తును ఉదహరించడం పుకారును ఉదహరించడమే. గోలకొండ పత్రికలో పేరు లేకుండా పడిన వార్తకు, తేదీ, పుట, కాలమ్ తప్ప ఇంకో అడ్రసు లేదు.

మౌఖిక చరిత్ర దగ్గర ఈ పద్ధతి ఇంకా దారుణం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చాక, ఊళ్ళకు పోయి మనుషుల్ని అడిగి రాయడం మనకు అలవాటైంది. మంచి అలవాటు. కానీ ఏపీఏ లెక్కలో అచ్చుకాని సంభాషణ ‘పర్సనల్ కమ్యూనికేషన్’. వాక్యం మధ్యలో బ్రాకెట్లో పేరు, తేదీ వేసి వదిలేయడమే. వెనక పట్టికలో దానికి చోటు లేదు. పది పుస్తకాల్లో లేని సంగతి చెప్పిన ఎనభై ఏళ్ళ ముసలమ్మకు గ్రంథసూచిలో ప్రవేశం లేదు. ఆ పుస్తకాలను అట్ట తిప్పి చూసి జాబితాలో చేర్చితే మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆమె ఏ ఊళ్ళో, ఎవరి ఎదుట, ఎన్నేళ్ళ తర్వాత ఆ మాట చెప్పిందన్నది ఆ సాక్ష్యం విలువను తేలుస్తుంది. పక్కన కొడుకు కూర్చుని ఉన్నాడా లేదా అన్నది కూడా.

‘అమెరికాలో సాహిత్యం వాళ్ళే మానేశారు కదా’ అని ఇంకో వాదం. మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ 1984లో ఫుట్‌నోట్లు వదిలి బ్రాకెట్లకు మారిన మాట నిజం. వాళ్ళు పెట్టింది సంవత్సరం కాదు, పుట సంఖ్య. ఈ తేడాను మనవాళ్ళు చూడనట్టే పోతారు. వివరణ అవసరమైన చోట నోట్లు రాసుకునే వీలూ ఉంచుకున్నారు. వాళ్ళ ఆధారాలు ఏ లైబ్రరీలోనైనా దొరికే అచ్చు పుస్తకాలు. చరిత్రకారులు మాత్రం నేటికీ షికాగో పద్ధతిలో నోట్లే వాడుతున్నారు. మన దేశంలో లా జర్నల్ ఏది తెరిచినా సగం పేజీ ఫుట్‌నోట్లే. లాయర్లకు పాతకాలపు చాదస్తమని ఎవరూ అనరు, ఎందుకంటే అవతలి పక్షం ప్రతి మాటకూ ఆధారం అడుగుతుందని వాళ్ళకు తెలుసు. మన పరిశోధనలో అవతలి పక్షం లేకపోవడమే అసలు రోగమేమో.

చదవడానికి అడ్డం అన్న ఫిర్యాదు ఎక్కువమంది చేసేది, అన్నిటికన్నా బలహీనమైనది. కింద ఉన్నదాన్ని చూడకుండా చదువుకునే స్వేచ్ఛ పాఠకుడికి ఉంది. వాక్యం కడుపులో దూర్చిన బ్రాకెట్ను తప్పించుకునే దారి లేదు. ‘(రావు, 1965; రెడ్డి, 1988; శర్మ, 1948; శాస్త్రి, 1978)’ అని నాలుగు పేర్లు దాటుకుంటూ క్రియను వెతుక్కోవడం ఏం సుఖమో చెప్పమనండి. నోట్లన్నీ పుస్తకం చివరికి నెట్టేస్తే పీడ వదులుతుందనే వాళ్ళు ఒక పాత సంగతి గుర్తు తెచ్చుకోవాలి. ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతనం మీద రాసిన చరిత్ర మొదటి సంపుటం 1776లో వచ్చినప్పుడు నోట్లు చివర్లో ఉండేవి. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ జబ్బుతో మంచాన ఉండి కూడా ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు: మాటిమాటికీ వెనక్కి తిప్పి చూడలేకపోతున్నాం, ఆధారాలను పేజీ అడుగునే వేయండి అని. తర్వాత వచ్చిన కూర్పుల్లో అవి కిందికి దిగాయి. కావాలని అడిగింది పాఠకుడే. రెండేళ్ళకు హెన్రీ డేవిస్ అనే ఆక్స్‌ఫర్డ్ కుర్రాడు ఆ నోట్లను పట్టుకునే గిబ్బన్ మీద దాడికి దిగాడు. క్రైస్తవం మీద రాసిన అధ్యాయాల్లో ఆధారాలను వక్రీకరించాడని, ఇతరుల నుంచి కాజేశాడని నోటు తర్వాత నోటు విప్పి ఆరోపించాడు. గిబ్బన్ 1779లో ఒక చిన్న పుస్తకమే రాసి ఒక్కో దానికి జవాబు చెప్పాడు. ఎవరిది గెలుపు అన్నది అలా ఉంచుదాం. ఇరవై ఏళ్ళు దాటిన కుర్రాడు మహా పండితుణ్ణి నిలదీయగలిగాడంటే ఆ నోట్లు దారి ఇచ్చాయి కాబట్టి.

పాండిత్య ప్రదర్శన అన్న నింద మాత్రం ఊరికే కొట్టిపారేయలేనిది. ముప్పావు పేజీ తినేసే నోట్లు చూశాం. ‘పైదే, పైదే, పూర్వోక్తం’ అంటూ పది పేజీలు వెనక్కి పరిగెత్తించే గ్రంథాలూ చూశాం. మధ్యలో ఒక్క నోటు కొత్తగా చేర్చితే ఆ ‘పైదే’లన్నీ వేరేవాళ్ళ కొంపలో దిగుతాయి. దానికి మందు తేలికే – ప్రతిసారీ పుస్తకం పొట్టి పేరు, పుట రాయడం. అబద్ధానికి అధికారం తొడగడానికీ ఫుట్‌నోట్లు వాడతారన్నదీ నిజం. డేవిడ్ ఇర్వింగ్ చేసింది అదే. హిట్లర్‌ను కడిగిన ముత్యంలా చూపించే అతని పుస్తకాల నిండా జర్మన్ దస్తావేజుల సూచికలే. యూదుల మారణకాండను నిరాకరిస్తున్నాడని రాసిన డెబొరా లిప్‌స్టాట్ మీద లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. కేంబ్రిడ్జ్ చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్ ఇద్దరు సహాయకులతో కూర్చుని ఇర్వింగ్ ఫుట్‌నోట్లను ఒక్కొక్కటిగా మూలం దాకా వెంటాడాడు. 1941 నవంబరు 30న హిమ్లర్ ఫోన్ల చిట్టాలో బెర్లిన్ నుంచి బయల్దేరిన ఒకే ఒక్క రైలు గురించి, అందులోని వాళ్ళను చంపవద్దని ఒక ముక్క ఉంది. దాన్ని ఇర్వింగ్ యూదులెవరినీ చంపవద్దన్న ఆజ్ఞగా మార్చేశాడు. ఇలాంటివి పోగై ఏడు వందల పుటలు దాటిన నివేదిక అయింది. 2000 ఏప్రిల్ 11న జస్టిస్ గ్రే తీర్పు ఇర్వింగ్‌కు వ్యతిరేకంగా వచ్చింది, ఉద్దేశపూర్వకంగానే ఆధారాలను వక్రీకరించాడని. ఫలానా రోజు చిట్టా అని ఇర్వింగ్ చెప్పుకున్నాడు కాబట్టే పట్టుకోగలిగారు. ఉత్త పేరు, సంవత్సరం రాసి ఉంటే ఎవాన్స్ ఎక్కడని వెతికేవాడు?

పాండిత్యం ఒలకబోసే అసలు చోటు ఈ రోజుల్లో ఉపయుక్త గ్రంథసూచి. మూడు వందల పుస్తకాలు, అందులో సగం పరిశోధకుడి చేయి తగలనివి. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు ఒక చిన్న చమత్కారం చేశారు. శాస్త్రపత్రాల సూచికల్లో ఒకరు చేసిన అచ్చుతప్పు తర్వాతి వాళ్ళలో యథాతథంగా ఎంతమందికి అంటుకుందో లెక్కకట్టారు. ఉదహరించినవాళ్ళలో మూలం చదివింది నూటికి ఇరవై మందే ఉంటారని తేల్చారు. ఫుట్‌నోట్ పెడితే ఈ దొంగతనం ఆగుతుందని నేననను. ఫలానా పుటలో ఫలానా మాట అని ఒప్పుకుని సంతకం పెట్టాల్సి వస్తే కొంత వణుకు పుడుతుంది, అంతే.

యూజీసీ 2018లో తెచ్చిన గ్రంథచౌర్య నియమాలు వచ్చాక ఇంకో వింత మొదలైంది. పోలిక పది శాతం దాటకూడదు, దాటితే శిక్ష. దాంతో ఉదహరింపు అంటే సాఫ్ట్‌వేర్ నుంచి తప్పించుకునే కిటుకుగా మారింది. వాక్యాన్ని అటూఇటూ తిప్పి, పక్కన బ్రాకెట్ తగిలిస్తే శాతం తగ్గుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు మాట మరొకరిదా అన్నదే తెలుసు. ఆ మాట నిజంగా అక్కడ ఉందా అన్నది దానికి పట్టదు. యంత్రం చేతనే వ్యాసాలు రాయించే కాలంలో ఇది మరీ ప్రమాదం. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ సృష్టించిన, అసలు లేనే లేని తీర్పులను కోర్టుకు సమర్పించి జరిమానా కట్టారు. ఎదుటి పక్షం ఆ తీర్పులు వెతికి దొరకలేదని చెప్పబట్టి బయటపడింది. మన సిద్ధాంత గ్రంథాల్లో వెతికేదెవరు?

అచ్చు కష్టమన్న సాకు ఒకప్పుడు నిజమే. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పుస్తకాలు పెట్టిన రోజుల్లో ఫుట్‌నోట్లు చేత్తో ఒక్కొక్కటీ కిందికి జరుపుకోవాల్సి వచ్చేది. ఒక పేరా కదిలితే డీటీపీ కుర్రాడి ప్రాణం మీదికొచ్చేది. ఇప్పుడు వర్డ్‌లో ఒక్క మీట నొక్కితే నంబర్లు వాటంతటవే సర్దుకుంటాయి. లింకు ఇస్తే చాలదా అంటారా? అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లోని లింకుల్లో సగం దాకా అసలు సమాచారాన్ని చూపించడం మానేశాయని హార్వర్డ్ పరిశోధకులు పదేళ్ళ కిందటే చెప్పారు.

ఇదంతా పడమటి సరుకు కాదు. మెదక్ సీమ కొలిచెలమ నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం మొదలుపెడుతూనే రెండు షరతులు తనకు తానే పెట్టుకున్నాడు: మూలం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను. ఆ రెండో షరతు ఫుట్‌నోట్ రాసే ప్రతివాడికీ వర్తిస్తుంది. చాలా అర్థాలకు ఏ కోశమో దాని పేరు చెప్పాడు. ‘మల్లినాథుడూ క్లుప్తంగా కోశం పేరే వేశాడు కదా, అదీ మీరు తిట్టే బ్రాకెట్టే కదా’ అని ఒక మిత్రుడు అన్నాడు. తెలివైన ప్రశ్నే. ఆయన పాఠకులకు అమరకోశం కంఠోపాఠం. పేరు వింటే శ్లోకం నోటికొచ్చేది. దక్షిణ భారత శాసన సంపుటాలు కంఠస్థం చేసిన పాఠకుణ్ణి ఎవరైనా చూపిస్తే నేనూ సంపుటం పేరుతోనే ఆపేస్తాను.

జరగాల్సింది చిన్న పని. చరిత్ర, సాహిత్య, శాసన పరిశోధనలకు ఏపీఏ వాడమని యూజీసీ 2018 నియమాల్లో ఎక్కడా లేదు. అది ఆయా శాఖలు తమ నెత్తిన తామే పెట్టుకున్న బరువు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒక్క సమావేశంలో దించేయొచ్చు. ఆధారాన్ని పేజీ అడుగునే చూపాలి, పుట, శాసన సంఖ్య, లిఖిత ప్రతి నంబరు తప్పనిసరి, మాట చెప్పినవారి పేరు, ఊరు, తేదీ ఉండాలి, ‘పైదే’ నిషేధం. దానికి తోడు వైవాలో పరీక్షకులు తమకు తోచిన మూడు నోట్లు ఎంచి, ఆ మూలాల ప్రతులు బల్ల మీద పెట్టమని అడగాలి. ఈ సంగతి రిజిస్ట్రేషన్ నాడే విద్యార్థికి చెప్పి ఉంచాలి.